ఎర్ర గొర్రెపిల్ల గనిలో గడ్డి

పటం మీద వయోమింగ్ బొగ్గు గనుల పేర్లు చదువుతుంటే నాకు పశువుల సంత గుర్తొచ్చింది. రాహైడ్ అంటే పచ్చి తోలు. బక్‌స్కిన్ అంటే జింక తోలు. కబాయో అంటే స్పానిష్‌లో గుర్రం, కొర్డేరో అంటే గొర్రెపిల్ల. జేకబ్స్ రాంచ్ దగ్గరికొచ్చేసరికి పశువుల కమతం పేరునే గనికి పెట్టేశారు. కొర్డేరో పక్కన 'కబాయో రోహో', అంటే ఎర్ర గుర్రం, అనే గని ఉండేది. రెంటినీ కలిపినప్పుడు గుర్రం పోయి దాని రంగు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ గని పేరు కొర్డేరో రోహో. ఎర్ర గొర్రెపిల్ల!

"మామా, నువ్వొచ్చింది బొగ్గు చూడ్డానికా, గొడ్లను చూడ్డానికా?" అన్నాడు కారు నడుపుతున్న మా మేనల్లుడు. డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. అమెరికా వచ్చిన మామను యెల్లోస్టోన్‌కు తీసుకెళ్దామని సెలవు పెట్టుకున్నాడు. నేను ఈ గనుల దగ్గరున్న జిలెట్ అనే ఊరికి పోదామన్నాను. షేవింగ్ బ్లేడా అని అడిగాడు.

"రెండూ చూడ్డానికేరా. బొగ్గు తీసిన చోట గొడ్లు మేస్తున్నాయంటే నమ్మబుద్ధి కావట్లేదు."

నమ్మకపోవడానికి కారణం ఉంది. నేను పుట్టింది గోదావరి ఒడ్డు బొగ్గు పట్టెలో. మా నాన్న బాయి పనికి పోయేవాడు. భూగర్భ గనిని మా వైపు బాయి అనే అంటారు. అమ్మ రెండు బర్రెలు సాకేది. పొద్దున్నే వాడకట్టు బర్రెలన్నీ మందగా కలిసి మా పెద్దమామ ఊరి బంచరాయికి మేతకు పోయేవి. నేను కాలేజీకొచ్చేసరికి ఆ బంచరాయి ఓపెన్‌కాస్టు కింద పోయింది. ఒక పక్క గొయ్యి పడింది, ఇంకో పక్క మట్టి గుట్ట లేచింది. దానికి జనం పెట్టుకున్న పేరు బొందలగడ్డ. అమ్మ బర్రెలమ్మేసి పాల ప్యాకెట్టుకు అలవాటు పడింది. బొగ్గు తీశాక నేల ఇక చచ్చినట్టే అన్నది నాకు చిన్ననాడే వంటబట్టిన సంగతి.

డెన్వర్ నుంచి జిలెట్ దాదాపు 550 కిలోమీటర్లు. డగ్లస్ దాటి 59వ నంబరు రోడ్డెక్కాక మనుషులు అయిపోయారు. కొండలు కాని కొండలు, అలల్లా గడ్డి. దూరంగా ప్రాంగ్‌హార్న్‌లు, మన కృష్ణజింకలకు దూరపు చుట్టాల్లాంటివి, మెడలు ఎత్తి చూస్తాయి. బిల్ అనే ఊరొచ్చింది. ఊరనడానికి అక్కడ కనిపించింది రైలు సిబ్బంది బస చేసే హోటలు, దాని పక్కన భోజనశాల. ఆ పక్కనే పట్టాల మీద బొగ్గు రైలు పోతోంది. మావాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నూరు దాటాక మానేశాడు.

రోడ్డు పక్కన చీలే మట్టిబాటలన్నీ ఎర్రగా, ఇటుక పొడి పరిచినట్టున్నాయి. నిజంగా అవి కాలిన రాళ్లే. వేల, లక్షల ఏళ్ల కింద బొగ్గు పొరలు వాటంతటవే అంటుకుని నెమ్మదిగా కాలితే, పైనున్న మట్టీ రాయీ ఆవంలో కుండల్లా కాలి ఎర్రబడ్డాయి. ఇక్కడివాళ్లు దాన్ని స్కోరియా అంటారు. ఆ రాయినే కొట్టి బాటలకు పరుస్తారు.

ఈ గడ్డి నేల చరిత్ర తెలుసుకోకుండా ఇక్కడి గనులు అర్థం కావు. 1916లో అమెరికా ప్రభుత్వం పశుపోషకుల కోసం ఒక చట్టం చేసింది. పశువులు పెంచుకుంటామని వచ్చినవాళ్లకు 640 ఎకరాల దాకా ఇచ్చింది. ఒక మెలిక కూడా పెట్టింది. పైన గడ్డి నీది, కింద ఖనిజం సర్కారుది. 640 ఎకరాలంటే మనకు జమీందారీ. ఇక్కడ దాంతో ఒక సంసారం గడవడమే కష్టం. వాన ఏడాదికి 400 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువు సీమ అనుకునే మన అనంతపురానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఒక ఆవు, దాని దూడ ఏడాదంతా మేయాలంటే ముప్పై నలభై ఎకరాలు కావాలి. అంటే 640 ఎకరాలకు ఇరవై ఆవులకు అటూ ఇటూ. 1930ల కరువులో చాలామంది చేతులెత్తేశారు. వాళ్ల భూములను ప్రభుత్వమే తిరిగి కొన్నది. అదే ఇప్పటి థండర్ బేసిన్ జాతీయ గడ్డిభూమి. నిలబడ్డవాళ్లు పక్కవాళ్ల నేలలు కలుపుకుని పెద్ద రాంచర్లయ్యారు.

1970లో గాలి కాలుష్యం మీద చట్టం వచ్చాక గంధకం తక్కువున్న ఇక్కడి బొగ్గుకు గిరాకీ పుట్టింది. 1976లో బ్లాక్ థండర్ గని కోసం గడ్డి మధ్యలో రైట్ అనే ఊరినే కొత్తగా కట్టారు. ఆ హడావిడిలోనే రాంచర్లు గట్టిగా అడ్డం తిరిగారు. తవ్వితే తవ్వండి, తర్వాత మా గొడ్లు ఎక్కడ మేయాలి? వయోమింగ్ రాష్ట్రం 1973లోనే పర్యావరణ చట్టం తెచ్చుకుంది. 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దేశమంతటికీ ఉపరితల గనుల చట్టం మీద సంతకం చేశాడు. తవ్విన నేలను తిరిగి నింపి, ముందు ఏ పనికి వచ్చేదో ఆ పనికో అంతకన్నా మేలైన పనికో వచ్చేలా చేయాలి. చేస్తామనడానికి పార కదపక ముందే పూచీ కట్టాలి.

రైట్ నుంచి తూర్పుకు 450వ నంబరు రోడ్డు పట్టుకుంటే బ్లాక్ థండర్ కనిపిస్తుంది. మా ఊరి ఓపెన్‌కాస్టు గనులు చూసిన కళ్లకు కూడా అది పెద్దదే. బొగ్గు పొర ఒక్కటే ఏడంతస్తుల మేడంత మందం. దూరంగా మట్టి తోడే డ్రాగ్‌లైన్ చెయ్యి ఆకాశంలో మెల్లగా తిరుగుతోంది. ఈ గనిలోని ఉర్సా మేజర్ అనే యంత్రం తొట్టెలో ఒక్కసారికి 160 ఘనపు గజాల మట్టి పడుతుంది. మన టిప్పర్లు పది నిండిపోతాయి. 2008లో వయోమింగ్ 46 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తీసింది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. కరెంటు కంపెనీలు సహజవాయువు వైపు, గాలి వైపు, ఎండ వైపు తిరిగాయి. అంటే గోతుల కంటే గోతుల తర్వాతి కథే ఇక్కడ పెద్దదవుతోంది.

ఆ కథ చూపించడానికి ఒప్పుకున్న రాంచరు వయసు అరవై దాటింది. పేరు రాయొద్దన్నాడు. తాత 1916 చట్టం కింద వచ్చినవాడు. తండ్రి పై నేలను గని కంపెనీకి అమ్మాడు. ఇప్పుడు ఇతను అదే నేలలో పూడ్చి గడ్డి వేసిన భాగాన్ని కంపెనీ దగ్గర కౌలుకు తీసుకుని నల్లటి ఆంగస్ ఆవులను మేపుతున్నాడు. గనుల్లో నేలను బాగుచేసే పనే ఇరవై ఏళ్లు చేసిన ఒకావిడను తోడు తెచ్చాడు.

మర్నాడు పొద్దున ఆవిడ మమ్మల్ని ఒక ముళ్లకంచె దగ్గర ఆపి, "ఒక వైపు ఎప్పుడూ తవ్వని నేల. ఇంకో వైపు అడుగు దాకా తవ్వి పూడ్చిన నేల. ఏది ఏదో చెప్పండి" అన్నది.

ఎడమ వైపు మోకాలెత్తు గడ్డి పచ్చగా, సమంగా గాలికి ఊగుతోంది. కుడి వైపు గడ్డి పొట్టిగా, అతుకులతుకులుగా ఉంది. మధ్య మధ్య బూడిద రంగు తుప్పలు. నేను ధైర్యంగా ఎడమ వైపు చూపించి, ఇదే అసలు నేల అన్నాను. ఇద్దరూ నవ్వారు. పచ్చగా ఉన్నది పూడ్చిన నేల. బూడిద తుప్పలది వేల ఏళ్ల నేల.

తర్వాత గంటసేపు ఆవిడ చెప్పింది విన్నాను. మన రైతుకు తెలిసిన సంగతే మొదటి పాఠం. పై జానెడు మట్టే అసలు నేల. తవ్వే ముందు దాన్ని విడిగా గీకి తీస్తారు. కుప్ప పోస్తే దాని మీద 'ఇది పైమట్టి' అని బోర్డు పాతాలి, ఎవరూ పొరపాటున వాడకుండా. కుప్పలో ఏళ్ల తరబడి ఉంటే మట్టిలో జీవం తగ్గుతుంది. అందుకని వీలైతే ఇక్కడ గీకింది గీకినట్టు తీసుకెళ్లి, ముందే పూడ్చి సిద్ధం చేసిన చోట పరుస్తారు. అందులో ఉన్న విత్తనాలు, వేళ్లు, సూక్ష్మజీవులు కొత్త చోట పని మొదలుపెడతాయి. పాలల్లో తోడు వేసినట్టు.

గొయ్యి పూడ్చేటప్పుడు నేలకు పాత వాలు తేవాలి, వాగులు మళ్లీ పాత తీరున పారాలి. ఎత్తు మాత్రం రాదు. బొగ్గు పొర అంత మందం కనుక, తీసిన మట్టంతా తిరిగి నింపినా నేల పదుల అడుగులు కిందికి దిగి కూర్చుంటుంది. సెలీనియం ఎక్కువున్న రాయి ఎదురైతే లోతున పూడ్చేయాలి, లేకపోతే కొన్ని మొక్కలు దాన్ని పీల్చుకుని పశువులకు విషమవుతాయి. ఆపైన గడ్డి విత్తనం. ఇక్కడ ముఖ్యమైనది వెస్టర్న్ వీట్‌గ్రాస్, వయోమింగ్ రాష్ట్ర గడ్డి. మనవాళ్లు పొద్దున్నే రసం తీసి తాగే వీట్‌గ్రాస్ వేరు, ఇది వేరు. గ్రీన్ నీడిల్‌గ్రాస్, బ్లూ గ్రామా కూడా కలుపుతారు. కుందేళ్లకూ గద్దలకూ అక్కడక్కడా రాళ్ల కుప్పలు పేరుస్తారు.

ఆ తర్వాత కనీసం పదేళ్లు ఆగాలి. వాన 26 అంగుళాలు మించని చోట్ల చట్టం పెట్టిన గడువది. మధ్యలో గడ్డి సరిగా రాలేదని మళ్లీ విత్తితేనో, ఎరువు చల్లితేనో, నీళ్లు పెడితేనో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. చివర్లో వరసగా రెండేళ్లు తవ్వని నేలతో పోల్చి కొలుస్తారు. నూటికి తొంభై వంతులైనా సరితూగాలి. అప్పుడే పూచీ చివరి విడత విడుదలవుతుంది.

"బూడిద తుప్పల సంగతేంటి?" అని అడిగాను.

వాళ్లిద్దరికీ పడనిది అక్కడే. ఆ తుప్ప పేరు సేజ్‌బ్రష్. చలికాలంలో ప్రాంగ్‌హార్న్‌లకు అదే మేత, సేజ్ గ్రౌస్ అనే పక్షికి అదే ఇల్లు. అందుకని పూడ్చిన నేలలో ఐదో వంతు మీదైనా చదరపు మీటరుకు ఒక పొద చొప్పున రావాలని వయోమింగ్ నియమం. గడ్డి ఏపుగా వస్తే అది ఎదగదు. ఆవిడ ఒక్కో పొద కోసం ఏళ్లు ఎదురుచూసింది. రాంచరు మాత్రం "నా ఆవు దాన్ని ముట్టదు. నాకు గడ్డి చాలు" అన్నాడు. ఆవిడ, "నీ ఆవొక్కటే కాదుగా ఇక్కడుండేది" అన్నది. ఇరవై ఏళ్లుగా సాగుతున్న పోట్లాటలా వినిపించింది. ఇద్దరి గొంతులోనూ కోపం లేదు.

మందను మొదటి రెండు మూడేళ్లు లోపలికి రానివ్వరట, వేరు పట్టేదాకా. ఆ తర్వాత గడువు ముగియక ముందే మేపు మొదలవుతుంది. మేపకపోతే ఎండు గడ్డి పేరుకుని కొత్త మొలకను అణిచేస్తుంది. డెక్కలు తొక్కితే అది మట్టిలో కలుస్తుంది. ఇక్కడ పరీక్ష పెట్టేదీ ఆవే, పని చేసేదీ ఆవే.

గని వదిలిన సామాను చూపించమన్నాను. చట్టం ప్రకారం కట్టడాలన్నీ తీసేయాలి. ఫలానాది పశువులకు పనికొస్తుందని భూయజమాని అడిగి, అధికారులు ఒప్పుకుంటే ఉంచొచ్చు. బురదనీళ్లు బయటికి పోకుండా కట్టిన కుంట ఇప్పుడు పశువుల చెరువు. బొగ్గు లారీలు తిరిగిన బాటను సన్నం చేసి మేత లారీల బాట చేశారు. బోరు ఉంది, కరెంటు తీగ ఉంది. బొగ్గు మోసిన కన్వేయర్ బెల్టు ముక్కలను స్తంభాలకు బిగించి గాలికి అడ్డుతెర కట్టారు. జనవరి మంచుగాలికి దూడలు దాని చాటున నిలబడతాయట.

అన్నిటికన్నా నాకు నచ్చింది నీళ్ల తొట్టి. మనిషికి రెండింతలుండే బొగ్గు లారీ టైరు. దాన్ని పడుకోబెట్టి, పై అంచు కోసి, మధ్య బొక్క సిమెంటుతో మూశారు. చుట్టూ ఆరేడు ఆవులు తలలు దించి తాగుతున్నాయి. "తుప్పు పట్టదు, చలికి పగలదు, ఎద్దు కుమ్మినా కదలదు" అన్నాడు రాంచరు. మా ఊళ్లో పాత లారీ టైరుతో చేసిన కుడితి తొట్టి గుర్తొచ్చింది. తెలివి ఎక్కడైనా ఒకటే, టైరు సైజే తేడా.

తొట్టిలో నీళ్లు మాత్రం అంత సులువుగా రాలేదు. ఇక్కడ బొగ్గు పొరే నీళ్ల పొర. రాళ్ల పగుళ్లలో నీరున్నట్టు బొగ్గులో నీరుండేది, రాంచర్ల బోర్లు అందులోకే దిగేవి. బొగ్గు తీస్తే ఊటా పోయింది. పూడ్చిన మట్టిలోకి నీరు తిరిగి ఊరడానికి తరాలు పట్టొచ్చు. ఊరినా అందులో ఉప్పులెక్కువ. పశువులు తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 5,000 మిల్లీగ్రాములు మించకూడదని వయోమింగ్ లెక్క. సల్ఫేటు మితిమీరితే ఆవు మెదడు దెబ్బతింటుంది. చూపు పోయి, తల ఎత్తి చుక్కలు చూస్తున్నట్టు నిలబడిపోతుంది. రాంచర్లు దాన్ని పోలియో అంటారు. మనుషుల పోలియో వేరు. ఇతని బోరు అందుకే పూడ్చిన మట్టిని దాటి లోతైన పొర దాకా దిగింది.

మధ్యాహ్నం లారీ నీడలో కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్నప్పుడు మావాడు అడిగాడు, "గని మూసేస్తే ఉద్యోగాలు ఈ ఆవులు ఇస్తాయా?"

రాంచరు నమలడం ఆపి, "ఈ మందకు నేనూ, నా కొడుకూ, ఒక కుక్కా చాలు" అన్నాడు.

2019 జులై 1న బ్లాక్‌జ్యూయెల్ అనే కంపెనీ దివాలా తీసి బెల్ ఎయిర్, ఈగిల్ బ్యూట్ గనులను ఆ రోజుకారోజే మూసేసింది. వందలమంది పనివాళ్లు గేటు దగ్గర్నుంచే ఇళ్లకు తిరిగిపోయారు. కొన్ని నెలలకు వేరే చేతుల్లో గనులు తెరుచుకున్నాయి గాని ఆ భయం జిలెట్‌ను వదల్లేదు. అంతకుముందు 2015, 2016ల్లో దేశంలోని పెద్ద బొగ్గు కంపెనీలు వరసగా దివాలా కోర్టుకెక్కాయి. వాటిలో కొన్ని పూచీ కింద డబ్బు కట్టలేదు, తమ ఆస్తిపాస్తులు చూసి నమ్మమన్నాయి. కంపెనీయే మునిగితే ఆ మాటకు విలువెంత? నింపడం, గడ్డి వేయడం బాగానే సాగుతున్నా, చివరి విడత పూచీ దాటిన నేల తవ్వినదానిలో కొద్ది భాగమే. పూచీ తీరేదాకా నేల గని కాగితాల్లోనే ఉంటుంది. ఇతని పరిస్థితీ అదే. గడ్డి మేపుకోవచ్చు, తాత నేలను తిరిగి కొనుక్కోవడం ఇప్పట్లో కుదరదు.

సాయంత్రం జిలెట్ హోటల్లో కూర్చున్నాక మన సంగతి తలపుకొచ్చింది. మనకూ నియమాలున్నాయి. 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, దానికి విడిగా ఎస్క్రో ఖాతా ఉండాలి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, గని తవ్వినవాళ్లు ఆ నేల మీద తిరిగి గడ్డి పెంచాలని, పశుగ్రాసం, చెట్టుచేమ, జీవజాలం పెరిగే స్థితికి తేవాలని లీజుల్లో షరతు పెట్టమంది. గడ్డి అన్న మాట అంత పెద్ద కోర్టు నోట విన్నప్పుడు అమ్మ బర్రెలు కళ్ల ముందు మెదిలాయి. ఆ షరతుకు ప్రాణం రావాలంటే ఏం కావాలో ఇవాళ చూశాను. ముందే కట్టిన పూచీ, మళ్లీ విత్తితే మొదటికొచ్చే పదేళ్ల గడువు, పోల్చి చూడ్డానికి పక్కనే ఉంచిన తవ్వని నేల, పోట్లాడటానికి సిద్ధంగా ఉన్న రాంచరు. మన గనుల మట్టి గుట్టల మీద చెట్లు పెంచుతున్నారు, పచ్చగానే కనిపిస్తాయి. ఇవాళ పొద్దున కంచె దగ్గర పచ్చదనాన్ని చూసే నేను బోల్తా పడ్డాను.

రాత్రి ఎనిమిదింటికి, అంటే మన దేశంలో పొద్దున ఏడున్నరకు, పెద్దమామకు ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి. ఇప్పుడు మనవడి దగ్గర క్వార్టర్‌లో ఉంటున్నాడు. టైరు తొట్టి చూసి నవ్వాడు. ఆవుల వీపులు చూసి, "మంచిగ బలిసినయి" అన్నాడు. ఎన్ని లీటర్లు ఇస్తాయని అడిగితే, వీటిని పాలకు పెంచరని చెప్పాను. ఆ మాట మీద కాసేపు ఏమీ అనలేదు.

"అక్కడ బొగ్గు దీసిన్రా నిజంగ?"

"నిజంగనే మామా. అడుగు దాకా తీసిన్రు."

"గడ్డి మంచిగనే ఉన్నది గని, పట్టా ఎవరి పేర ఉన్నదిరా?"

కంపెనీ పేరనే ఉందని, రాంచరు కౌలుకు మేపుకుంటున్నాడని చెప్పాను. ఫోన్లో అటువైపు కోడి కూసింది.

"పట్టా రాకపాయె. మేపుకోనిస్తున్రు గద," అన్నాడు పెద్దమామ. "మన బంచరాయి కాడ గేటు పెట్టిన్రు. పోయిన వారం మేక లోపలికి పోతె సెక్యూరిటాయన కట్టేసిండు."